ఒక మనిషి, నాలుగు ఎంఆర్ నంబర్లు

పెద్దాసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇంతకుముందు ఇక్కడ చూపించుకున్నారా?" అవునంటే పాత రికార్డు తెరుచుకుంటుంది. లేదంటే కొత్త ఎంఆర్ నంబర్, అంటే మెడికల్ రికార్డు నంబర్, పుడుతుంది. వెనక క్యూ పెరిగిపోతూ ఉంటుంది. పేషెంటును తీసుకొచ్చిన అల్లుడికి మామగారి పాత సంగతులు తెలియవు. "ఏమోనండీ, కొత్తగా రాసేయండి" అంటాడు. కొత్త నంబర్ పడుతుంది. ఆ క్షణం నుంచి ఒక మనిషి కంప్యూటర్ లెక్కలో ఇద్దరు. పెన్సిలిన్ పడదన్న హెచ్చరిక, నాలుగేళ్ల షుగర్ లెక్కలు, కిందటి ఆపరేషన్ నోటు పాత నంబర్ కింద భద్రంగానే ఉంటాయి. డాక్టరు ముందు తెరుచుకున్న పేజీ మాత్రం ఖాళీగా ఉంటుంది.

రోగుల రికార్డులకు సాఫ్ట్‌వేర్ అనగానే కాగితం మీద ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే అనుకుంటాం. ఎక్కించి దాచడం ఈ పనిలో తేలికైన భాగం. కష్టమంతా చేరవేయడంలో ఉంది. ఒకచోట రాసింది ఇంకోచోట అదే మనిషి పేర, అదే అర్థంతో చేరాలి. మనిషి మారినా ప్రమాదమే, అర్థం మారినా ప్రమాదమే. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అద్దాల భవనాల్లో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఇంజినీర్ల కాలం చాలావరకు ఈ రెండు చిక్కులు విప్పడానికే ఖర్చవుతుంది.

ఎల్లయ్యను గుర్తుపట్టడం

సిద్దిపేట వైపు ఒక పల్లెలో అరవై దాటిన ఎల్లయ్య అనే రైతు ఉన్నాడనుకుందాం. షుగరూ బీపీ ఉన్నాయి. ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయనకొక నంబరు, జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద మరొకటి, శుక్లాలు తీయించుకున్న కంటి ఆసుపత్రిలో ఎంఆర్ నంబర్, గుండెకు స్టెంట్ వేసిన హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఇంకో నంబరు. పేరు తెలుగులో ఒక్కటే. కానీ కౌంటర్లో టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకరు వైతో మొదలుపెడతారు, ఒకరు ఈతో. మూడోవారికి అది ఐలయ్యలా వినిపించి ఏతో మొదలుపెడతారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒకే ఒక్క పొడి అక్షరం, మరోచోట అసలు లేదు.

స్పెల్లింగు తేడాలను దాటడానికి బాగా పాత ఉపాయం ఒకటుంది, సౌండెక్స్ అని. రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ 1918లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ దేశపు జనాభా లెక్కల సూచికలు 1930ల్లో ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. సూత్రం సులువు. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచాలి. తర్వాత వచ్చే అచ్చులను, హెచ్, డబ్ల్యూ, వై అక్షరాలను వదిలేయాలి. మిగిలిన హల్లులను ధ్వని పోలికను బట్టి ఆరు గుంపులు చేసి, ఏ గుంపుదైతే ఆ అంకె వేయాలి. ఒకే అంకె పక్కపక్కన వస్తే ఒక్కసారే వేయాలి. మూడు అంకెలు రాగానే ఆపాలి, తక్కువైతే సున్నాలతో నింపాలి. ఒకే రకంగా పలికే పేర్లకు ఒకే కోడ్ రావాలన్నది ఆశ.

లక్ష్మి విషయంలో ఆ ఆశ నెరవేరుతుంది. కే, ఎస్ అక్షరాలతో రాసినా, ఎక్స్‌తో రాసినా ఎల్ 250 అనే వస్తుంది. ఎల్లయ్య దగ్గర దెబ్బ తింటుంది. వైతో రాస్తే వై 400, ఈతో రాస్తే ఈ 400, ఏతో రాస్తే ఏ 400. మొదటి అక్షరాన్ని కదిలించకూడదన్నది నియమం కనుక ఒకే మనిషి మూడు అరల్లో పడతాడు. ఇక వెంకటేశ్వర స్వామి పేరు పెట్టుకున్నవాళ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వెంకటేశ్వర్లు, వెంకటేశం, వెంకటయ్య, వెంకటరమణ, వెంకటరత్నం, చివరికి వెంకటమ్మ కూడా, అందరికీ వచ్చే కోడ్ ఒక్కటే: వీ 523. మూడు అంకెలు 'వెంకట' దగ్గరే అయిపోతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఏ పెద్దాసుపత్రిలోనైనా ఈ కోడ్‌తో వెతికితే తెర నిండిపోతుంది. అమెరికా ఇంటిపేర్ల కోసం పుట్టిన పద్ధతి తెలుగు పేర్లలో కలపాల్సినవాళ్లను విడదీస్తుంది, విడదీయాల్సినవాళ్లను కలుపుతుంది.

పేరొక్కటే చాలదని ఇంకో దారిలో ఆలోచించినవాడు హోవార్డ్ న్యూకోంబ్. కెనడాలో జన్యుశాస్త్రవేత్త. వంశపారంపర్య వ్యాధుల అధ్యయనం కోసం జనన రికార్డులను పెళ్లి రికార్డులతో జతపరచాల్సి వచ్చింది ఆయనకు. 1959లో ఆయన చెప్పిన ఆలోచనకు 1969లో ఐవన్ ఫెలెగి, అలన్ సంటర్ అనే గణాంకవేత్తలు గట్టి గణిత రూపం ఇచ్చారు. ఈనాటికీ రికార్డులు జతపరిచే సాఫ్ట్‌వేర్‌లు చాలావాటికి పునాది అదే.

ఆ ఆలోచన ఇది. రెండు రికార్డుల్లో ఒక వివరం కలిసినప్పుడు, అది యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ మార్కులు వేయాలి. అవకాశం సగానికి తగ్గిన ప్రతిసారీ ఒక మార్కు. ఆడో మగో కలిసిందంటే ఒక్క మార్కే, ఎవరినైనా ఇద్దరిని తీసుకుంటే అది సగం సార్లు కలుస్తుంది కనుక. ప్రతి 50 మందిలో ఒకరికి ఉండే పేరు కలిస్తే దాదాపు ఐదున్నర మార్కులు. పదివేల మందిలో ఒకరికి ఉండే ఇంటిపేరు కలిస్తే పదమూడు పైనే. పుట్టిన తేదీ రోజు, నెల, సంవత్సరంతో సహా కలిస్తే, మనిషి ఆయుష్షు ఎనభై ఏళ్లు అనుకుని లెక్కవేస్తే దగ్గర దగ్గర పదిహేను మార్కులు. కలవని వివరాలకు మార్కులు తీసేస్తారు. మొత్తం ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే. మరో గీత కిందకి పోతే వేర్వేరు. మధ్యలో పడితే మనిషి కూర్చుని తేల్చాలి.

లెక్క చక్కగా ఉంది. అయితే ఇక్కడి జీవితం అందులోకి వచ్చి పడుతుంది. పెద్దవాళ్లలో ఎంతోమందికి పుట్టిన తేదీ తెలియదు, వయసు ఉజ్జాయింపుగా చెబుతారు. తేదీ నింపనిదే ముందుకు కదలని సాఫ్ట్‌వేర్ ఆ సంవత్సరం జనవరి 1 వేసుకుంటుంది. అలా జనవరి 1న పుట్టినవాళ్లు ఒక సైన్యమంత తయారవుతారు. ఆ తేదీ కలిసిందని పదిహేను మార్కులు వేస్తే ఒకే ఊరి ఇద్దరు వెంకటయ్యలు ఒక్కరైపోతారు. జనవరి 1 కలిస్తే సంవత్సరానికి మాత్రమే మార్కులు వేయాలని ప్రోగ్రాములో విడిగా చెప్పాలి. ఫోన్ నంబర్ కూడా అంతే. ఇంటికంతా కలిపి ఒకే ఫోన్ ఇచ్చే చోట అది కుటుంబాన్ని గుర్తుపడుతుందే తప్ప మనిషిని కాదు. అత్తా కోడళ్లు ఇద్దరూ లక్ష్ములే అయిన ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

తప్పు రెండు రకాలుగా జరుగుతుందని చెప్పాను కదా, ఆ రెండూ సమానం కావు. ఒక మనిషి ఇద్దరైతే సమాచారం దొరకదు. డాక్టరు మళ్లీ అడుగుతారు, పరీక్షలు మళ్లీ చేయిస్తారు, డబ్బు దండగ. ఇద్దరు మనుషులు ఒక్కరైతే తప్పు సమాచారం దొరుకుతుంది, అదీ నమ్మకంగా. ఒకరి బ్లడ్ గ్రూపు మరొకరి పేజీలో కనిపిస్తుంది. పైగా ఒకసారి మర్జ్ చేసిన రికార్డులను విడదీయడం నరకం. కలిసిన తర్వాత వచ్చిన ప్రతి రిపోర్టునూ తిరగేసి ఇది ఎవరిదని తేల్చాలి. అందుకే అనుభవం ఉన్న బృందాలు కంప్యూటర్ తనంతట తాను కలిపేసే గీతను చాలా ఎత్తున పెడతాయి. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. ఆ నిర్ణయపు భారం చివరికి మోసేది మాత్రం రిజిస్ట్రేషన్ కౌంటర్. మొత్తం వ్యవస్థలో తక్కువ జీతం, తక్కువ శిక్షణ, ఎక్కువ తొందర ఉన్న కుర్చీ అదే. సాఫ్ట్‌వేర్ మీద కోట్లు పెట్టే యాజమాన్యాలు ఆ కుర్చీలో కూర్చునేవారికి నాలుగు రోజులు తీరికగా నేర్పించి, పోలిన పేర్లను తెర మీద పక్కపక్కన చూసి తేల్చుకునేంత సమయం ఇస్తే, ఏ అల్గారిథమ్ తేలేని లాభం వస్తుంది.

బంజారాహిల్స్ నుంచి ఊళ్లకు

ఇక అర్థం సంగతి. ఇందుకు చూడదగ్గ ఉదాహరణ హైటెక్ సిటీకి కాస్త ఇవతల, బంజారాహిల్స్‌లో ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్‌కే పరిమితం కాలేదు. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ కేంద్రం పెట్టింది. తర్వాత విశాఖపట్నం, విజయవాడ, భువనేశ్వర్‌లలో పెద్ద ఆసుపత్రులు, వాటి కింద గ్రామీణ ఆసుపత్రులు, ఆ కింద ఊళ్లలో చిన్న చిన్న దృష్టి కేంద్రాలు. పల్లెలో కళ్లద్దాల కోసం వచ్చిన మనిషికి గ్లకోమా అనుమానం వస్తే గ్రామీణ ఆసుపత్రికి, అక్కడ తేలకపోతే పట్నానికి పంపాలి. మనిషితో పాటు రికార్డూ మెట్లెక్కాలి. ఆ అవసరం లోంచి పుట్టిందే ఐస్మార్ట్ అనే రికార్డుల వ్యవస్థ. ఆసుపత్రి సొంతంగా తయారు చేసుకుని 2010 ఆగస్టులో మొదలుపెట్టింది. ఆ పనిని ముందుండి నడిపిన ఆంథోనీ విపిన్ దాస్ స్వయంగా కంటి వైద్యుడు. ఎనిమిదేళ్లలో అందులోకి చేరినవి 47 లక్షలకు పైగా సంప్రదింపులు, దాదాపు 22.7 లక్షల మంది రోగులవి.

కంటి రికార్డులో ఎన్ని మెలికలుంటాయో చూడండి. ప్రతి వివరమూ కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి ఉండాలి. చూపును ఒక డాక్టరు 6/60 అని రాస్తారు, మరొకరు 20/200 అంటారు, పరిశోధకులు లాగ్‌మార్ 1.0 అంటారు. మూడూ ఒకటే. మొదటిది మీటర్లలో, రెండోది అడుగుల్లో, మూడోది ఆ నిష్పత్తిని తలకిందులు చేసి తీసిన లాగరిథమ్. కాగితం మీద ఏది రాసినా చదివే డాక్టరుకు తెలుస్తుంది. కంప్యూటర్ అవి మూడు వేర్వేరు అక్షరమాలికలనుకుంటుంది. లక్ష మందిలో ఆపరేషన్ తర్వాత చూపు ఎంత మెరుగైందని అడిగితే జవాబు చెప్పలేదు, చూపును ఒకే పద్ధతిలో నింపించి ఉంటే తప్ప.

అందుకని గళ్లు పెడతాం. రాయడానికి బదులు జాబితాలోంచి ఎంచుకోమంటాం. వెంటనే ఇంకో సమస్య లేస్తుంది. 'షుగర్ ఉందా?' అన్న గడిలో టిక్ లేదు. అంటే లేదనా, లేక అడగలేదనా? డాక్టరు తల ఊపి వదిలేసిన విషయాన్ని కంప్యూటర్ 'లేదు' అని దాచుకుంటే, పదేళ్ల తర్వాత ఆ డేటా మీద అధ్యయనం చేసేవాళ్లకు షుగర్ ఉన్నవాళ్లు తక్కువగా కనిపిస్తారు. ఉంది, లేదు, అడగలేదు అని మూడు జవాబులు ఉండాలి. ఇంత చిన్న నిర్ణయం వైద్యులు లేని గదిలో జరిగితే తప్పకుండా తప్పుతుంది. ఐస్మార్ట్‌ను వాడేవాళ్లే తయారుచేసుకోవడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది.

గళ్లకు ఖరీదుంది. లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు 1968లోనే రికార్డును తేదీల వరుసలో కాకుండా రోగి సమస్యల వరుసలో రాయాలని, అప్పుడే అది వైద్యుడి ఆలోచనకు దారి చూపిస్తుందని వాదించాడు. ఆయన కోరిన క్రమశిక్షణ కంప్యూటర్లకు నచ్చింది. వైద్యులకు మాత్రం టైపింగు పని మిగిలింది. అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోగితో గడిపే ప్రతి గంటకూ డాక్టర్లు దాదాపు రెండు గంటలు రికార్డుల మీద, డెస్కు పని మీద గడుపుతున్నారని తేలింది. మన ఓపీ లెక్క వేరు. ఒక పూటలో వంద మందిని చూసే డాక్టరుకు ఒక్కో రోగి దగ్గర అరనిమిషం అదనంగా పడితే పూటలో యాభై నిమిషాలు పోతాయి. ఆ యాభై నిమిషాలు ఎవరో కొందరు రోగుల నుంచి రావలసిందే. కాబట్టి ఒక గడి చేర్చే ముందు, ఆ గడిలో పడిన సమాచారాన్ని రేపు ఎవరు ఎందుకు వాడతారో చెప్పలేకపోతే దాన్ని చేర్చకూడదు.

శ్రమపడి క్రమంగా నింపిన డేటా ఉన్నచోటే తర్వాతి మెట్టు సాధ్యమైంది. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఇండియా ఎల్.వి. ప్రసాద్‌తో కలిసి, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలను కూడా చేర్చుకుని, కంటి జబ్బులను ముందుగా అంచనా వేసే మెషీన్ లెర్నింగ్ నమూనాల కోసం ఒక కూటమి ప్రకటించింది.

యూరియా రెండింతలైన వేళ

ఒక ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ ఒకటే ఉండదు. బిల్లింగుకు ఒకటి, ల్యాబుకు ఒకటి, ఎక్స్‌రే, స్కానింగులకు ఒకటి, ఫార్మసీకి ఒకటి, రక్తం పరీక్షించే అనలైజర్ లోపల మరొకటి. అన్నీ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు కాలాల్లో కొన్నవి. వీటిని మాట్లాడించడమే ఇంటిగ్రేషన్. ఆ మాటలకు వ్యాకరణం 1987లో అమెరికాలో మొదలైన హెచ్‌ఎల్ 7 సంస్థ తయారుచేసింది. దాని రెండో వెర్షన్ ఇప్పటికీ ఆసుపత్రుల్లో రాజ్యమేలుతోంది. మనీఆర్డరు ఫారంలో పంపేవారి పేరు, చేరేవారి పేరు, మొత్తం ఎక్కడెక్కడ రాయాలో ముందే అచ్చయి ఉన్నట్టు, ఈ సందేశంలోనూ ప్రతి విషయానికి స్థానం నిర్ణయమై ఉంటుంది. పీఐడీ అని మొదలయ్యే వరుసలో రోగి వివరాలు. ఓబీఆర్ వరుసలో ఏ పరీక్ష అడిగారన్నది. ఓబీఎక్స్ వరుసల్లో ఒక్కో ఫలితం, దాని యూనిట్, మామూలుగా ఉండాల్సిన హద్దులు. గళ్ల మధ్య నిలువు గీతలు. అందుకున్న వ్యవస్థ 'అందింది' అని జవాబు పంపాలి.

సందేశం చేరడం ఒకటి, అర్థం చేరడం మరొకటి. ఈ తేడాకు యూరియాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. మన ల్యాబులు చాలావరకు మూత్రపిండాల పనితీరు చూడటానికి బ్లడ్ యూరియా రిపోర్టు చేస్తాయి. అమెరికా ల్యాబులు బ్లడ్ యూరియా నైట్రోజన్ అంటే బన్ రిపోర్టు చేస్తాయి. రెంటి యూనిట్లూ డెసిలీటరుకు మిల్లీగ్రాములే. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ వాటా 28. అందువల్ల ఒకే రక్తంలో యూరియా ఎప్పుడూ బన్‌కు 2.14 రెట్లు ఉంటుంది. యూరియా 40 అంటే బన్ దాదాపు 18.7. ఇప్పుడు ఒక ఆసుపత్రి కొత్త అనలైజర్ కొన్నదనుకుందాం. పాతది బన్ పంపేది, కొత్తది యూరియా పంపుతోంది. ఇంటర్‌ఫేస్ రాసినవారు రెంటినీ 'యూరియా' అన్న ఒకే గడికి కలిపారు. సందేశం సరిగ్గానే వెళ్లింది, 'అందింది' అన్న జవాబూ వచ్చింది. రోగి గ్రాఫులో మాత్రం ఒక్క వారంలో అంకె రెట్టింపు దాటింది. డాక్టరు కిడ్నీ దెబ్బతిందనుకుంటారు. క్రియాటినిన్‌లో ఇలాంటి తప్పు జరిగితే వెంటనే తెలిసిపోతుంది. 1.2 ఉండాల్సిన చోట, వేరే యూనిట్లో లెక్కవేసిన 106 కనిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. నమ్మదగ్గ అంకెగా కనిపించే తప్పే ప్రమాదకరం.

దీనికి విరుగుడుగానే అమెరికాలోని రీగన్‌స్ట్రీఫ్ సంస్థ 1994లో లాయింక్ కోడ్‌లను మొదలుపెట్టింది. ఏ పదార్థం, ఏ నమూనాలో, ఏ కొలమానంతో అన్నది మారితే కోడ్ మారుతుంది. రక్తరసంలో బన్‌కు 3094-0. యూరియాకు వేరే కోడ్. రోగ నిర్ణయాలకు స్నోమెడ్ సీటీ ఉంది, అందులో మూడున్నర లక్షలకు పైగా భావనలు. టైప్ 2 షుగరుకు అందులో 44054006. భారతదేశం 2014లో దాని సభ్యత్వం తీసుకుంది కాబట్టి ఇక్కడి ఆసుపత్రులు విడిగా రుసుము కట్టకుండా వాడుకోవచ్చు. మన ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలను 2013లో తెచ్చి, 2016లో సవరించి ఈ కోడ్‌లనే సిఫారసు చేసింది. అయినా ప్రతి ల్యాబు తన సొంత పొడి పేర్ల జాబితాతోనే బతుకుతోంది. ఆ జాబితాను కోడ్‌లకు కలిపే పని, అంటే మ్యాపింగ్, వరస వెంట వరస ల్యాబు తెలిసిన మనిషి కూర్చుని చేయాలి. వ్యవస్థ వాడుకలోకి వచ్చే గో-లైవ్ తేదీ దగ్గరపడ్డప్పుడు మొట్టమొదట కోత పడేది ఈ పనికే.

రాత్రి పనిచేసే నగరం

హైదరాబాద్ ఈ విద్యను ముందు అమెరికా ఆసుపత్రుల దగ్గరే నేర్చుకుంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో, అమెరికా డాక్టర్లు ఫోన్లో చెప్పిన నోట్సును ఇక్కడి యువత రాత్రిళ్లు టైపు చేసి తెల్లారేసరికి పంపే మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పెద్ద ఉపాధి. 2009లో అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డులకు మారే ఆసుపత్రులకు భారీ ప్రోత్సాహకాలిచ్చే చట్టం చేసింది. 2008లో అక్కడ కనీసస్థాయి ఎలక్ట్రానిక్ రికార్డులున్న ఆసుపత్రులు పది శాతం లోపే. 2015కల్లా ఎనభై శాతం దాటాయి. ఆ మార్పుకు కావలసిన టెస్టింగు, ఇంటర్‌ఫేస్‌లు, సపోర్టు పనిలో పెద్ద వాటా సైబరాబాద్‌కు వచ్చింది. ఆప్టమ్ వంటి ఆరోగ్య సేవల కంపెనీలు ఇక్కడ వేలమందితో పనిచేస్తున్నాయి. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఆసుపత్రులు నడిపే ప్రావిడెన్స్ సంస్థ 2020లో తన సాంకేతిక కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది.

ఆ అనుభవం మన ఆసుపత్రులకు ఎంతవరకు పనికొస్తుంది? సందేశాల వ్యాకరణం, కోడ్‌లు, భద్రత ఎక్కడైనా ఒకటే. మనిషిని గుర్తుపట్టే భాగం మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే పనిచేయదు. అక్కడ మార్కులన్నీ కచ్చితమైన పుట్టినతేదీకి, వీధి చిరునామాకు, జిప్ కోడ్‌కు పడతాయి. ఇక్కడ చిరునామా 'రామాలయం వెనక'. అందుకే మన ఆసుపత్రుల కోసం రాసే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే డమ్మీ డేటాలో మూడు రకాల స్పెల్లింగుల ఎల్లయ్యలు, జనవరి 1న పుట్టిన వెంకటయ్యలు, ఒకే ఫోన్ ఉన్న అత్తా కోడళ్లు పుష్కలంగా ఉండాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు ఇంకో రకం అనుసంధానం జరిగింది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఒకే ఆన్‌లైన్ వ్యవస్థలో రోగి వివరాలు, రిపోర్టులు పెట్టి ముందస్తు అనుమతి తీసుకుని, ఆపరేషన్ చేసి, క్లెయిము పంపాలి. తెల్ల రేషన్ కార్డు గుర్తింపు. అంటే అదీ మొదట కుటుంబపు నంబరే, మనిషిని అందులోంచి ఎంచుకోవాలి. అంతమంది పేదల చికిత్స ఒకేచోట నమోదు కావడం చిన్న విషయం కాదు. కానీ చెల్లింపు కోసం పుట్టిన రికార్డులో చెల్లింపుకు కావలసిందే ఉంటుంది. స్టెంటు వేసిన సంగతి ఉంటుంది. ఆ తర్వాత మందులు ఎందుకు మానేశాడన్నది ఉండదు.

పద్నాలుగు అంకెలు

ఈ చెల్లాచెదురు రికార్డులను దేశమంతటా కలిపే ప్రయత్నం 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. పద్నాలుగు అంకెల ఆభా నంబరు మనిషికి. ఆసుపత్రులకొక రిజిస్ట్రీ, వైద్యులకొక రిజిస్ట్రీ. రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే గోదాములో పోయడం లేదు. ఎక్కడివి అక్కడే ఉంటాయి. రోగి సమ్మతిస్తే, అడిగినచోటికి ఆ సమయానికి వెళతాయి. సమ్మతి పత్రం కూడా ఒక డిజిటల్ వస్తువే. ఎవరికి, ఎందుకు, ఏ రకం రికార్డులు, ఏ తేదీల మధ్యవి, ఎప్పటిదాకా అన్నీ అందులో ఉంటాయి. రోగి తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. రికార్డు ప్రయాణించే రూపం ఫైర్. ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం గ్రీవ్ 2011లో మొదలుపెట్టిన ఈ ప్రమాణం వెబ్‌సైట్లు మాట్లాడుకునే పద్ధతిలోనే పనిచేస్తుంది, అందుకని కొత్త ఇంజినీర్లకు త్వరగా పట్టుబడుతుంది.

ఈ మిషన్‌తో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను కలపడంలోని మూడు మెట్లను మాదాపూర్ ఆఫీసుల్లో ఎం1, ఎం2, ఎం3 అంటారు. ఎం1లో ఆభా సృష్టించడం, సరిచూడటం. ఎం2లో తమ దగ్గరి రికార్డులను ఆభాకు కట్టి, అడిగితే పంపగలగడం. ఎం3లో ఇతరుల దగ్గరివి సమ్మతితో తెప్పించుకోవడం. మొదటిది ప్రజలకు బాగా కనిపించింది. 2022 అక్టోబరు నుంచి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే వీలు వచ్చాక పెద్దాసుపత్రుల్లో క్యూలు తగ్గాయి, పైగా పేరు స్పెల్లింగు రోగి ఫోన్లోంచే వస్తుంది. ఎల్లయ్య ఒక్కడిగా నిలబడటానికి ఇదే మంచి దారి. ఎం2 దగ్గర మళ్లీ అర్థం ప్రశ్న ఎదురవుతుంది. డిశ్చార్జ్ సమ్మరీని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఫైర్ పొట్లంలో పెట్టి పంపినా నిబంధన తీరుతుంది. డాక్టరు చదవగలరు, అదీ లాభమే. కానీ అందులోని క్రియాటినిన్ అంకె తర్వాతి ఆసుపత్రి గ్రాఫులోకి దూకదు.

అన్నీ కలిశాక అన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగి రోజుల తరబడి ఓపీ, శాంపిళ్లు, రిపోర్టులు చేతిరాతతో నడిచాయి. కాగితం మీద పనిచేయడం మరచిపోని సిబ్బంది ఉండబట్టి ఆసుపత్రి నడిచింది. కొత్తగా కట్టే ప్రతి వ్యవస్థలోనూ ఆ కాగితపు విధానం రాసి పెట్టి ఉండాలి, అప్పుడప్పుడు సాధన చేయించాలి.

సమ్మతి విషయంలో ఇంకా తేలని ఒక సంగతి నన్ను బాగా ఆలోచింపజేస్తుంది. ఒకే ఫోన్ నంబరు మీద ఇంట్లో అందరి ఆభాలూ ఉండవచ్చు. ఓటీపీ ఫోన్ పట్టుకున్నవారికి వస్తుంది. అత్తగారి మోకాళ్ల రిపోర్టుకు కొడుకు 'సరే' అని నొక్కితే నష్టం లేదు. కోడలి హెచ్‌ఐవీ పరీక్షకో, మానసిక చికిత్సకో అదే వేలు 'సరే' అంటే? ఈ రెండు విషయాల్లోనూ గోప్యత హక్కు అని 2017లో చేసిన రెండు చట్టాలు చెబుతున్నాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ సమ్మతి తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలంటోంది. చట్టం అడుగుతున్నది మనిషి సమ్మతి, తెర నమోదు చేస్తున్నది ఫోన్ సమ్మతి. ఇప్పుడు ఎం3 తెరలు గీస్తున్న బృందాలు ఏ రికార్డులు వెళుతున్నాయో తెలుగులో, ఒక్కొక్కటిగా చూపించాలి. చదవలేనివారికి వినిపించాలి. వద్దనుకున్నదాన్ని పక్కన పెట్టే వీలుండాలి, అలా పక్కన పెట్టారన్న జాడ కూడా అవతలివారికి కనిపించకూడదు. కౌంటర్లో ఉన్న మనిషి ఫోన్ వైపు కాకుండా పేషెంటు వైపు తిరిగి అడగాలన్నది శిక్షణలో రాయాలి. ఇవి తర్వాతి వెర్షన్‌కు వాయిదా వేసే పనుల జాబితాలోకి పోకూడదు. మొదటి గో-లైవ్ నాటికే ఉండాలి.